ఫోటోలో పడని బడి

న్యూయార్క్‌లో, మన్‌హటన్ ఉత్తరపు కొసన పీఎస్ 98 అని ఒక ప్రభుత్వ బడి ఉంది. దాని పక్కనే ఎత్తైన ఇనుప వంతెన మీద రైలు పట్టాలు. 1970ల్లో బడి జరిగే వేళ నాలుగైదు నిమిషాలకో రైలు దడదడమంటూ పోయేది. అది పోయేదాకా టీచరు పాఠం ఆపాలి, లేదంటే గొంతు చించుకోవాలి. ఒకే భవనంలో పట్టాల వైపు కొన్ని గదులు, అవతల ప్రశాంతంగా ఉండే వైపు కొన్ని గదులు. ఈ రెండు వైపుల పిల్లల చదువులో తేడా ఏమైనా ఉందేమోనని ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే సైకాలజిస్టు వాళ్ల రీడింగ్ మార్కులు పోల్చి చూశారు. ఫలితాలు 1975లో బయటికొచ్చాయి. ఆరో తరగతికి వచ్చేసరికి రైలు వైపు పిల్లలు దాదాపు ఒక ఏడాది చదువు వెనకబడి ఉన్నారు.

ఆ తర్వాత రైల్వే వాళ్లు పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు. విద్యాశాఖ వాళ్లు ఆ వైపు గదుల సీలింగుకి శబ్దాన్ని పీల్చుకునే పలకలు బిగించారు. 1981లో వచ్చిన రెండో పరిశోధనలో రెండు వైపుల పిల్లలూ ఒక్కలాగే చదువుతున్నారు.

ఈ మరమ్మతుకు ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో తీసి పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. బడి భవనాల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. పిల్లల్లో ఉత్సాహం నింపే బడి అనగానే కళ్ల ముందు మెదిలేది రంగురంగుల కుషన్లు, గాజు గోడలు, మెట్ల పక్కన జారుడు బల్ల, పువ్వు ఆకారంలో టేబుళ్లు. బ్రోచర్లలోనూ అవార్డుల పేజీల్లోనూ అచ్చయ్యేవి అవే. వాటిని తప్పు పట్టనక్కర్లేదు. కానీ పిల్లలు రోజుకి ఆరేడు గంటలు గడిపే గదిలో వాళ్లకి పాఠం వినపడుతోందా, గాలి ఆడుతోందా, మనసు బాగోనప్పుడు కాసేపు ఒదిగి కూర్చోవడానికి ఓ మూల ఉందా అన్నవి ఫోటోలో పడవు. మంచి బడులు కట్టిన ఆర్కిటెక్టుల పనిని దగ్గరగా చూస్తే, వాళ్ల శ్రమలో పెద్ద వాటా ఈ ఫోటోలో పడని వాటికే పోయిందని అర్థమవుతుంది.

గీసే ముందు కూర్చోవడం

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం విన్నెట్కాలో 1940లో తెరిచిన క్రో ఐలాండ్ స్కూల్‌ని బడి భవనాల చరిత్రలో ఒక మలుపుగా చెబుతారు. ఫిన్లాండ్ నుంచి వచ్చి స్థిరపడిన ఎలియెల్ సారినెన్, ఆయన కొడుకు ఈరో, వాళ్లతో పాటు షికాగోకి చెందిన పెర్కిన్స్, వీలర్ అండ్ విల్ అనే కొత్త సంస్థ కలిసి దాన్ని డిజైన్ చేశారు. పెద్ద పేరు సారినెన్‌దే. అయితే ఈ బడి ఇలా తయారవడానికి అసలు కారణం లారీ పెర్కిన్స్ తరగతుల్లో కూర్చున్న రోజులు. గీత గీయకముందే ఆయన ఆ ఊరి బడులకు వెళ్లి, వెనక కూర్చుని, పిల్లలు ఎటు నడుస్తున్నారో, టీచరు రోజులో ఎక్కడెక్కడ నిలబడుతున్నారో గమనించారు. టీచర్లతోనే కాదు, బడి ఊడ్చి తుడిచే వాళ్లతోనూ మాట్లాడారు. ఊరి విద్యాధికారి కార్ల్‌టన్ వాష్‌బర్న్ పట్టుబట్టి ఇందుకు సమయం ఇప్పించారు.

అప్పట్లో అక్కడ బడి అంటే కోర్టు భవనంలా ఉండేది. మెట్లెక్కి, స్తంభాలు దాటి, పొడవాటి కారిడార్‌లోకి అడుగు పెట్టగానే పిల్లలకు గొంతు తగ్గిపోవాలి. క్రో ఐలాండ్ ఒకే అంతస్తులో, నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. ప్రతి తరగతి గదీ ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఉంటుంది. పొడవు వైపు పాఠాలు, పొట్టి వైపు చేతిపని. ప్రతి గదికీ సొంత టాయిలెట్, బయటి చిన్న పెరడులోకి సొంత తలుపు. సీలింగు మామూలుగా ఉండే 12 అడుగులకు బదులు 9 అడుగులకు దించారు. తలుపు పిడులు, లైటు స్విచ్చులు పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టారు. ఆడిటోరియంలో ముందు వరస కుర్చీలు బుడతల కొలతకి, వెనక్కి పోయేకొద్దీ పెద్దవి. ఈ చివరి సంగతి చిన్నదే, కానీ కాళ్లు గాల్లో వేలాడకుండా కూర్చున్న ఆరేళ్ల పిల్లకి అది చాలా పెద్దది.

ఎల్ ఆకారం వల్ల ఏమొచ్చింది? చతురస్రపు గదిలో టీచరు ఎక్కడ నిలబడ్డా అందరూ కనిపిస్తారు. అది పెద్దల సౌకర్యం. ఒక మూల మలుపు ఉన్న గదిలో కొందరు రంగులు కలుపుతుంటే కొందరు లెక్కలు చేసుకోవచ్చు, టీచరు రెండడుగులు వేస్తే రెండు వైపులా కనిపిస్తాయి. ఒకే గదిలో రెండు రకాల పనులు ఒకేసారి జరగడానికి అదనపు గోడ అవసరం లేకపోయింది. ఈ ఆకారం తర్వాతి కాలంలో ఎన్నో దేశాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఎక్కడ దాన్ని టీచర్లతో మాట్లాడకుండా నకలు కొట్టారో అక్కడ ఆ పొట్టి వైపు స్టోర్ రూమ్‌గా మారిపోవడం మామూలే.

గోడలు తీసేసిన కాలం

శబ్దం దగ్గర ఆర్కిటెక్టులు ఒక తరం మొత్తం దెబ్బతిన్నారు. 1960, 70 దశకాల్లో అమెరికా, బ్రిటన్‌లలో గోడలు లేని బడులు పెద్ద ఎత్తున కట్టారు. పిల్లలు గుంపులుగా, స్వేచ్ఛగా నేర్చుకోవాలంటే గదులు అడ్డమని ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ ఒక హాల్లో నాలుగు తరగతులు నడిచినప్పుడు పక్క టీచరు గొంతు ఈ పిల్లల చెవిలో పడకుండా ఆపేది ఏదీ లేకపోయింది. కొన్నేళ్లకే టీచర్లు బీరువాలు, పుస్తకాల అరలు, బోర్డులు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత చాలాచోట్ల నిజమైన గోడలే లేచాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. పెద్దవాళ్లు హోరులో కూడా మాటను పట్టుకోగలరు, ఎందుకంటే వినపడని అక్షరాన్ని తమకు తెలిసిన భాషతో పూరించుకుంటారు. చిన్నపిల్లలకు ఆ నిల్వ ఉండదు. గోలలోంచి మాటను ఏరుకునే శక్తి పదమూడు, పద్నాలుగేళ్ల దాకా పెరుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్లలకు ఇబ్బంది ఇంకా ఎక్కువ. అందుకని డిజైన్ ఓకే చేసే పెద్దలకు "బాగానే వినపడుతోందే" అనిపించిన గదిలో ఏడేళ్ల పిల్లలు సగం మాటలు పోగొట్టుకుంటూ ఉండొచ్చు.

అమెరికాలో 2002లో వచ్చిన తరగతి గదుల శబ్ద ప్రమాణం, ఖాళీ గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదని, మామూలు సైజు గదిలో ప్రతిధ్వని 0.6 సెకన్ల లోపు అణగిపోవాలని చెబుతుంది. టీచరు గొంతు చుట్టూ ఉన్న గోల కంటే కనీసం 15 డెసిబెల్స్ పైన ఉండాలన్నది దీని వెనకున్న లెక్క. నున్నటి సిమెంటు గోడలు, టైల్స్ నేల, కాంక్రీటు స్లాబు ఉన్న గదిలో ప్రతిధ్వని ఒకటిన్నర సెకన్లు దాటడం వింతేమీ కాదు. అంటే టీచరు ఒక మాట అనేసరికి ముందు మాట ఇంకా గదిలోనే తిరుగుతూ ఉంటుంది. దానికి మందు పెద్ద ఖరీదైనదేం కాదు. సీలింగుకి శబ్దాన్ని పీల్చే పలకలు, వెనక గోడకి మెత్తటి పిన్ బోర్డు, కుర్చీ కాళ్లకి రబ్బరు తొడుగులు. కానీ బడ్జెట్ తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు కొట్టేసేది సీలింగునే. ముఖద్వారం దగ్గరి గాజు ఆర్చీని ఎవరూ కొట్టేయరు.

గోడలు లేని ఆలోచన మాత్రం చావలేదు, తెలివి మీరింది. స్టాక్‌హోమ్‌లో 2011లో తెరిచిన విత్రా టెలెఫోన్‌ప్లాన్ బడిని రోసాన్ బోష్ అనే డిజైనర్ మామూలు తరగతి గదులు లేకుండా తీర్చారు. ఆమె పనికి వెనక డేవిడ్ థార్న్‌బర్గ్ అనే విద్యావేత్త చెప్పిన పోలికలు ఉన్నాయి. మనుషులు నేర్చుకునే చోట్లు కొన్నే అంటాడాయన. చలిమంట చుట్టూ కూర్చుని పెద్దవాళ్లు చెప్పేది వినడం, నీళ్ల రేవు దగ్గర ఎదురుపడి కబుర్లాడుకోవడం, గుహలో ఒంటరిగా ఆలోచించుకోవడం. బడిలో ఈ మూడూ ఉండాలి. పాత గోడల్లేని హాలుకీ దీనికీ తేడా ఆ గుహలోనే ఉంది. పాత హాలులో అంతా నీళ్ల రేవే. అంతకుముందున్న వరస బెంచీల గదిలో అంతా చలిమంటే. ఒంటరిగా కూర్చునే చోటును రెండూ మర్చిపోయాయి. ఆ మాటకొస్తే ఈ పోలికల్ని కూడా యథాతథంగా ప్లాస్టిక్ చలిమంటగా, ఫోమ్ గుహగా చేసి అమ్మే ఫర్నిచర్ కంపెనీలకు కొదవ లేదు.

గాలి, వేడి, వెలుతురు

మూసిన గదిలో 30 మంది పిల్లలు కూర్చుంటే ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు. ఒక్కొక్కరు గంటకి సుమారు 14, 15 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. 200 ఘనపు మీటర్ల గదిలో అందరూ కలిసి గంటలో దాని మోతాదును దాదాపు 2000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 2000 పాళ్లు, పెంచేస్తారు. బయటి గాలిలో ఉండేది 420 చిల్లర. ఆ గాలిలో ప్రాణం పోదు. కానీ నిద్ర ముంచుకొస్తుంది, తల బరువెక్కుతుంది. మూడో పీరియడ్‌లో ఆవలింతలకి టీచరు పాఠం మీద నిందవేసే ముందు కిటికీ వైపు ఒకసారి చూడటం మంచిది. ఏసీ పెట్టిన చోట ఈ సమస్య తగ్గకపోగా పెరిగే అవకాశం ఉంది, ఎందుకంటే చల్లబడేది గదిలోని అదే గాలి. కొత్త గాలి లోపలికి రావడానికి వేరే దారి ఉండాలి.

ఈ విషయంలో చెప్పుకోవాల్సిన పేరు ఫ్రాన్సిస్ కెరె. బుర్కినా ఫాసోలోని గాండో అనే పల్లెలో పుట్టాడు. అక్కడ బడి లేక, చిన్నప్పుడే దూరాన ఉన్న టెంకొడోగో పట్టణానికి వెళ్లి వందకు పైగా పిల్లలు కిక్కిరిసిన ఉక్క గదిలో చదువుకున్నాడు. బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ విద్యార్థిగా ఉన్నప్పుడే సొంత ఊరి బడి కోసం డబ్బు పోగుచేయడం మొదలుపెట్టాడు. 2001లో గాండో ప్రాథమిక పాఠశాల పూర్తయింది. ఊళ్లోవాళ్లు మొదట అడిగింది సిమెంటు భవనం. మట్టి గోడలు వానకి కరిగిపోతాయని వాళ్ల అనుభవం. కెరె మట్టికి కొద్దిగా సిమెంటు కలిపి ఇటుకలు చేయించాడు, వాన తగలకుండా పైకప్పును గోడల కంటే చాలా ముందుకు చాచాడు.

అసలు ఉపాయం ఆ పైకప్పులో ఉంది. అక్కడి ఎండకి రేకు కప్పు కింద కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. రేకు తీసేసే స్థోమత లేదు, అది చవక. అందుకని గది పైన ఖాళీలు వదిలిన మట్టి ఇటుకల సీలింగు ఒకటి వేసి, రేకును దానికి బాగా పైకి, సన్నటి ఇనుప చువ్వలతో అల్లిన చట్రాల (ట్రస్సుల) మీద లేపి నిలబెట్టాడు. గదిలో వేడెక్కిన గాలి సీలింగు ఖాళీల్లోంచి పైకి పోతుంది. రేకుకీ సీలింగుకీ మధ్య వీచే గాలి దాన్ని ఊడ్చుకుపోతుంది. పక్క కిటికీల్లోంచి చల్లటి గాలి లోపలికొస్తుంది. కరెంటు అక్కర్లేదు. ట్రస్సులకు వాడింది ఇళ్ల స్లాబుల్లో వేసే మామూలు చువ్వలే. ఊళ్లోవాళ్లకే కోయడం, వెల్డింగ్ చేయడం నేర్పించాడు. పిల్లలు పునాదికి రాళ్లు మోశారు, ఆడవాళ్లు నేల దిమ్మిస చేశారు. ఈ బడికి 2004లో ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే ఆగాఖాన్ అవార్డు వచ్చింది. 2022లో కెరెకి ఆర్కిటెక్టులకు అన్నిటికన్నా పెద్ద గౌరవంగా చెప్పుకునే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి ఆఫ్రికన్ ఆయనే. ఆ రేకు కప్పు ఇప్పుడు ఫోటోల్లో ఎగురుతున్న రెక్కలా అందంగా కనిపిస్తుంది. అది ఎగురుతున్నట్టుంది కాబట్టి అలా కట్టలేదు, వేడి పోవాలి కాబట్టి అలా ఎగిరింది.

వెలుతురు గురించి పాత మేస్త్రీలకు తెలిసిన ఒక లెక్క ఉంది. కిటికీ పైఅంచు ఎంత ఎత్తున ఉంటే, దానికి సుమారు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతుదాకా పనికొచ్చే పగటి వెలుతురు గదిలోకి వస్తుంది. మూడు మీటర్ల ఎత్తు కిటికీకి ఆరేడు మీటర్లు. పాత బడి గదులు చాలావరకు ఆ వెడల్పులోనే ఉండటం కాకతాళీయం కాదు. ట్యూబులైట్లు వచ్చాక గదులు లోతెక్కాయి, కిటికీలు చిన్నవయ్యాయి. ఇక అందరూ గాజుగోడల వైపు మళ్లాక ఇంకో తిప్పలు వచ్చింది. బోర్డు మీద ఎండ మెరుపు తట్టుకోలేక రోజంతా కర్టెన్లు దించి, లోపల లైట్లు వేసుకునే బడులు లెక్కలేనన్ని.

గాలి, ఎండలే మందుగా కట్టిన బడి కూడా ఒకటుంది. క్షయ భయం తీవ్రంగా ఉన్న రోజుల్లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ డౌకర్ 1930లో పూర్తిచేసిన ఓపెన్ ఎయిర్ స్కూల్ అది. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న పిల్లల కోసం ఒక్కో అంతస్తులో రెండు తరగతి గదులు, వాటి మధ్య ఆరుబయట పాఠాలు చెప్పుకునే డాబా. మూలల్లో స్తంభాలు లేకుండా చేసి, గది కొసలన్నీ వెలుతురుకి వదిలేశాడు.

గోడ మీద ఎంత ఉండాలి

ప్రాథమిక తరగతుల గోడలు అక్షరాలు, బొమ్మలు, చార్టులు, తోరణాలతో నిండిపోవడం చాలా దేశాల్లో మామూలే. పిల్లలకు ఉత్సాహం వస్తుందని నమ్మకం. 2014లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు ఆరు పాఠాలు చెప్పారు. మూడు బాగా అలంకరించిన గదిలో, మూడు గోడలు ఖాళీగా ఉన్న గదిలో. అలంకరించిన గదిలో పిల్లల దృష్టి 38.6 శాతం సమయం పాఠం మీద లేదు. ఖాళీ గదిలో అది 28.4 శాతం. తర్వాత అడిగిన ప్రశ్నలకు సరైన జవాబులు మొదటి గదిలో 42 శాతం, రెండో గదిలో 55 శాతం.

దీన్ని పట్టుకుని గోడలన్నీ సున్నం కొట్టేయమనడం తొందరపాటే. సంఖ్య చిన్నది, పాఠాలు కొన్నే. దీనికి తోడుగా 2015లో వచ్చిన సాల్‌ఫర్డ్ యూనివర్సిటీ అధ్యయనం చూడాలి. పీటర్ బారెట్ బృందం ఇంగ్లండ్‌లో 27 ప్రాథమిక పాఠశాలల్లోని 153 తరగతి గదులను, 3,766 మంది పిల్లల ఏడాది ప్రగతితో కలిపి విశ్లేషించింది. పిల్లల ప్రగతిలో కనిపించిన తేడాల్లో 16 శాతం దాకా గది స్వభావంతో ముడిపడి ఉందని వాళ్లు తేల్చారు. అందులో సుమారు సగం వెలుతురు, గాలి, వేడిమిలది. రంగులు, గోడల హడావిడి విషయంలో మరీ ఎక్కువైనా, మరీ బోసిగా ఉన్నా మంచిది కాదని, నడిమధ్యలో ఉంటే మేలని కనిపించింది. ఇది ప్రయోగం కాదు, పరిశీలన మాత్రమే. కాబట్టి ఆ 16ను పట్టుకుని "మా ఫర్నిచర్ కొంటే మార్కులు 16 శాతం పెరుగుతాయి" అనే సేల్స్ మాటను నమ్మనక్కర్లేదు. అందులో ఆర్కిటెక్టులకు కాస్త చురుక్కుమనే సంగతి ఇంకోటి ఉంది. ఆటస్థలం, హాళ్లు, ముఖద్వారం లాంటి మొత్తం బడి హంగుల కంటే పిల్లలు కూర్చునే ఒక్క గది ప్రభావమే ఎక్కువగా కనిపించింది.

అలంకారం వేరు, గోడ చేసే పని వేరు. భారతదేశంలో కబీర్ వాజపేయి, ఆయన సంస్థ విన్యాస్ రూపొందించిన 'బాలా' పద్ధతి ఈ తేడాను చక్కగా చూపిస్తుంది. భవనమే బోధన పరికరం అన్నది ఆ పేరు వెనకున్న భావం. తలుపు తెరుచుకునే దారిలో నేల మీద కోణాల గీతలు గీస్తారు. తలుపు తోసిన ప్రతిసారీ 30 డిగ్రీలంటే ఎంతో, 90 అంటే ఎంతో కాలి కిందే తెలుస్తుంది. కిటికీ ఊచల్ని అక్షరాల మలుపుల్లో వంచితే వేలు పెట్టి రాసుకోవచ్చు. అసలు ఉద్దేశం ఇది. కానీ ఖర్చు పెట్టేవాళ్లు దీన్ని గోడలకి పెయింటింగు వేయించడంగా కుదించేసుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. గీసిన బొమ్మను పిల్లలు వారంలో చూసేసి వదిలేస్తారు. వంచిన ఊచను ఏళ్ల తరబడి తడుముతారు.

పిల్లలకు పట్టు దొరికే చోట్లు

ఇక్కడి నుంచి నెదర్లాండ్స్‌కి వెళ్లాలి. డెల్ఫ్ట్‌లోని మాంటిస్సోరి బడి. హెర్మన్ హెర్ట్జ్‌బెర్గర్ అనే డచ్ ఆర్కిటెక్టు 1960ల్లో కట్టడం మొదలుపెట్టి, తర్వాత పిల్లలు పెరిగేకొద్దీ చాలాసార్లు పొడిగించిన చిన్న భవనం. ఖరీదైనదేమీ లేదు. కాంక్రీటు దిమ్మెలు, ఇటుకలు, కర్ర. అయినా బడులు కట్టే ఆర్కిటెక్టుల్లో దాని పేరు ఎత్తని వాళ్లు అరుదు.

అక్కడ తరగతి గదులు ఒక వీధికి ఇరువైపులా ఇళ్లలా ఉంటాయి. గదులన్నీ ఎల్ ఆకారమే. ఒక్కో గది ముందు గుమ్మం లాంటి చిన్న జాగా. ఆ తరగతి పిల్లల కోట్లు, వాళ్లు చేసిన వస్తువులు అక్కడే కనిపిస్తాయి. గుమ్మం ఉందంటే అది ఒకరి ఇల్లని అర్థం. పొడవాటి కారిడార్‌లో వరసగా నంబర్లు వేసిన తలుపులు ఏ పిల్లకీ "ఇది మాది" అనిపించేలా చేయలేవు.

ఆ వీధి మధ్యలో ఒక ఇటుక అరుగు ఉంది. కదలదు, జరపలేరు. హాలు మధ్యన అడ్డంగా ఉన్న దిమ్మె ఎందుకని మామూలు ప్లానర్ తీసిపారేస్తాడు. హెర్ట్జ్‌బెర్గర్ ఆలోచన దానికి తలకిందులు. అడ్డంగా ఉంది కాబట్టే పిల్లలు దాన్ని ఏదో ఒకటి చేసుకోవాలి. ఒకసారి దాని మీద కూర్చుంటారు, ఒకసారి అది స్టేజీ, ఒకసారి సామాను పరిచే బల్ల, ఇంకోసారి దూకడానికి గట్టు. ఊళ్లలో అరుగు మీద పెరిగిన వాళ్లకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. చిన్నపిల్లల విభాగంలో నేలలో ఒక చదరపు గుంట ఉంది. దాని నిండా 16 కర్ర దిమ్మెలు. అవన్నీ గుంటలో ఉంటే నేల సమంగా ఉంటుంది. బయటికి తీస్తే అవి పీటలు, రైలు పెట్టెలు, బురుజు ఇటుకలు. గుంటేమో చుట్టూ చేరి కబుర్లు చెప్పుకునే గూడు. అరుగు పైకి లేచింది, గుంట కిందికి దిగింది. ఒకదాని మీదికెక్కి అందరికీ కనిపించవచ్చు, ఇంకోదాంట్లో దిగి ఒదిగిపోవచ్చు.

ఆటవస్తువుకీ దీనికీ తేడా గమనించాలి. జారుడు బల్ల మీద జారడం ఒక్కటే పని. వాడుక ముందే రాసిపెట్టిన వస్తువుతో పిల్లలకు త్వరగా విసుగొస్తుంది. అరుగుకు వాడుక ఏదీ రాసిపెట్టి ఉండదు. బాగా డిజైన్ చేయడమంటే అన్నీ పూర్తి చేసేయడం కాదు, కొంత ఆపి వదిలేయడం. ఆపడం ఎక్కడో తెలియడమే కష్టం.

టోక్యో శివార్లలో తచికవాలోని ఫుజి కిండర్‌గార్టెన్‌ని తకహారు, యుయి తెజుకా దంపతులు 2007లో పూర్తిచేశారు. కోడిగుడ్డు ఆకారపు వలయంలో ఒకే అంతస్తు. పైకప్పు మీదికి పిల్లలు ఎక్కి పరుగెత్తవచ్చు. వలయం కాబట్టి పరుగుకి అంతం లేదు. అప్పటికే అక్కడున్న మూడు పెద్ద చెట్లను కొట్టకుండా కప్పులోంచి పైకి రానిచ్చారు. ఎవరూ పరుగెత్తమని చెప్పకపోయినా కొందరు పిల్లలు ఒక్క ఉదయంలోనే కిలోమీటర్ల దూరం తిరిగేస్తారని తెజుకా చెబుతుంటారు. కప్పు అంచున ఊచల మధ్య ఖాళీ తల దూరనంత సన్నగా, కాళ్లు వేలాడదీసుకునేంత వెడల్పుగా పెట్టారు. కింద గదుల మధ్య గోడలు లేవు, బయటి వైపు జరిపే తలుపులు ఏడాదిలో చాలా నెలలు తెరిచే ఉంటాయి.

గోడలు లేవంటే పైన చెప్పిన గోల సంగతేమిటి? ఇక్కడ చదువు ఉపన్యాసం కాదు, ఆట. పైగా రెండు పక్కలా తెరిచి ఉన్న గదిలో శబ్దం తిరిగి రాదు, బయటికి పోతుంది. ఇదే ప్లాను తీసుకెళ్లి, చలికి తలుపులు మూసుకునే చోట, నాలుగో తరగతి లెక్కల పాఠానికి కడితే పాత కథే మళ్లీ మొదలవుతుంది. బడి డిజైన్లను ఫోటో చూసి నకలు కొట్టడంలో ఉన్న ప్రమాదమంతా ఇదే. ఆకారం వస్తుంది, కారణం రాదు.

బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్‌లో ఆనా హెరింగర్, ఐకే రోస్వాగ్ 2005లో స్థానికులతో కలిసి మట్టి, గడ్డి, వెదురుతో రెండంతస్తుల మెటి బడి కట్టారు. కింది గదుల వెనక మట్టిగోడలోనే తొలిచినట్టున్న గుహలు ఉంటాయి. పాకుతూ దూరి, ఒకరిద్దరు పుస్తకం పట్టుకుని కూర్చోవచ్చు. ముట్టుకుంటే చల్లగా, చేతివేళ్ల గుర్తులతో ఉండే గోడ. ఫోమ్ గుహ గురించి పైన ఎత్తిపొడిచింది దీన్ని చూశాకే.

చివరికి మిగిలేవి

ఫర్నిచర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒకే తరగతిలో పిల్లల ఎత్తుల్లో జానెడుకి పైగా తేడా ఉంటుంది, అయినా బెంచీలు ఒకే సైజు. కనీసం రెండు మూడు సైజులు ఉంచితే చాలు. చక్రాల టేబుళ్లు కూడా పనికొస్తాయి, గదిలో వాటిని జరపడానికి చోటుంటే. మడత గోడలకైతే ఒక్కటే పరీక్ష. టీచరు ఒంటరిగా నిమిషంలో జరపగలిగితే వాడతారు. ఇద్దరు కావాలంటే, పదినిమిషాలు పడితే, ప్రారంభోత్సవం రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది.

టాయిలెట్ల గురించి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే అవార్డు ఫోటోల్లో అవి ఎప్పుడూ ఉండవు. పిల్లల్ని తోటివాళ్లు ఏడిపించేది ఎక్కువగా పెద్దల కన్ను పడని చోట్లే. టాయిలెట్లు, మెట్ల కింద, కారిడార్ మలుపులు. భయపడి రోజంతా నీళ్లు తాగకుండా గడిపే పిల్లలున్నారు. కొందరు ఆర్కిటెక్టులు ఇప్పుడు చేతులు కడుక్కునే సింకుల్ని బయట నడవాలోకి తెచ్చి, లోపల ఒక్కో గదికీ నేల నుంచి పైదాకా గోడ, తలుపు పెడుతున్నారు. ఏకాంతం ఉండాల్సిన చోట ఉంది, అందరి కన్ను పడాల్సిన చోట పడుతోంది.

భద్రత విషయమూ ఇలాంటిదే. అమెరికాలో 2012లో శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది కాల్పులకు బలయ్యారు. పాత భవనం కూల్చి, స్విగల్స్ ప్లస్ పార్ట్‌నర్స్ డిజైన్ చేసిన కొత్త బడిని 2016లో తెరిచారు. ముళ్లకంచె, ఇనుప గేట్లు కట్టడం తేలిక. వాళ్లు భవనం ముందు వాననీళ్లు ఇంకే మొక్కల వాలు ఒకటి తవ్వారు, దాని మీదుగా చిన్న వంతెనలు దాటి లోపలికి వెళ్లాలి. పిల్లలకు అది తోట. అది చేసే పని మాత్రం కందకానిది.

ఇన్ని చేసినా భవనం తాళంచెవులు చేతికిచ్చాక ఆర్కిటెక్టు తిరిగి రావడం అరుదు. ఏడాది తర్వాత వచ్చి, శబ్దం కొలిచి, ఏ మూల ఖాళీగా ఉందో, ఏ కిటికీకి అట్ట అంటించారో చూస్తే తర్వాతి బడికి కావలసిన పాఠమంతా అక్కడే దొరుకుతుంది. కాంట్రాక్టులో దానికి ఫీజు ఉండదు కాబట్టి ఎవరూ చేయరు. హెర్ట్జ్‌బెర్గర్‌కి డెల్ఫ్ట్ బడి అంత బాగా కుదరడానికి ఒక కారణం, పొడిగింపుల పుణ్యమా అని ఆయన మళ్లీ మళ్లీ అక్కడికి వెళ్లాల్సి రావడం.

కొత్త భవనం కట్టే అవకాశం అసలు లేని బడులే ఎక్కువ. అలాంటి చోట మొదలుపెట్టే వరస దాదాపు ఎప్పుడూ ఒకటే. పీరియడ్ పీరియడ్‌కీ మధ్య ఐదు నిమిషాలు కిటికీలు బార్లా తెరవడం. బోర్డు ఉన్న గోడను బోసిగా వదిలి, చార్టుల్ని పిల్లల వెనక గోడకి మార్చడం. ఒక మూల బీరువాను అడ్డంగా తిప్పి, వెనక ఇద్దరు పట్టేంత చోటు చేయడం. కుర్చీ కాళ్లకి రబ్బరు తొడుగులు వేయడం. ఇందులో రిబ్బన్ కత్తిరించి ప్రారంభించేంత పని ఏదీ లేదు. శనివారం మధ్యాహ్నం ఇద్దరు టీచర్లు, నలుగురు పిల్లలు ఉంటే అయిపోతుంది.